మబ్బులో ఉన్న పైలట్‌కు తాను పడిపోతున్న సంగతి ఎందుకు తెలియదు?

వేయిస్తంభాలు (హన్మకొండ) అడిగిన ప్రశ్న

నేను హన్మకొండలోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇంటర్ ముగిశాక పైలట్ శిక్షణలో చేరాలనుకుంటున్న మా విద్యార్థి ఒకడు ఒక పాత విమాన ప్రమాదం గురించి చదివి వచ్చి అడిగిన సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను. ఇక్కడ వైద్యులూ, విమానాలు నడిపినవారూ ఉన్నారు కనుక సూటిగా జవాబు దొరుకుతుందని ఆశ.

ఆ ప్రమాదం 1999 జులై 16 రాత్రి అమెరికాలో జరిగింది. మాజీ అధ్యక్షుడు కెనడీ గారి కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్, తన ఒంటి ఇంజను పైపర్ సారటోగా విమానంలో భార్యనూ, ఆమె సోదరినీ ఎక్కించుకొని న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక చిన్న విమానాశ్రయం నుంచి రాత్రి 8 గంటల 38 నిమిషాలకు బయలుదేరారు. మార్తాస్ వినియార్డ్ అనే ద్వీపంలో దిగవలసిన ఆ విమానం, సుమారు గంట తరువాత, గమ్యం ఇంకా కొద్ది మైళ్ల దూరంలో ఉందనగా సముద్రంలో కూలి ముగ్గురూ మరణించారు. ఆ రాత్రి తుఫాను లేదు, వాన లేదు. నీటి మీద మసక మాత్రం కమ్ముకొని ఉంది. రాత్రివేళ నీటి మీదుగా కిందికి దిగుతున్నప్పుడు పైలట్ విమానాన్ని అదుపులో ఉంచుకోలేకపోయారనీ, అందుకు స్పేషియల్ డిసోరియెంటేషన్, అంటే తన విమానం భూమికి ఏ వాలులో ఉందో తెలియని దిశాభ్రమ, కారణమనీ అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. మసకనూ చీకటినీ అందుకు తోడ్పడిన అంశాలుగా పేర్కొంది. యంత్రంలో లోపమేదీ కనిపించలేదు. చివరి క్షణాల్లో విమానం కుడివైపుకు తిరుగుతూ నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో కిందికి పోయినట్లు రాడార్ వివరాలు చెబుతున్నాయి.

మా విద్యార్థి అడిగింది ఇది: "సార్, కళ్లు మూసుకొని లిఫ్టులో నిలబడినా పైకి పోతున్నామో కిందికి పోతున్నామో తెలుస్తుంది కదా, మరి అంత వేగంగా పడిపోతున్న మనిషికి ఎందుకు తెలియలేదు?" లిఫ్టు కదలడం మొదలైనప్పుడూ, ఆగేటప్పుడూ మాత్రమే మనకు తెలుస్తుందనీ, మధ్యలో స్థిర వేగంతో పోతున్నంతసేపూ శరీరానికి ఏమీ అందదనీ వాడికి చెప్పాను. కాని వాడు ఊరుకునే రకం కాదు. తిరుగుతున్న విమానం స్థిర వేగంతో లేదు, దిశ మారుతోంది కనుక దానికి త్వరణం ఉంది, ఆ త్వరణమైనా శరీరానికి అందాలి కదా అన్నాడు. ప్రశ్న న్యాయమైనది. చెవిలో ఏం జరుగుతుందో, విమానంలో ఏం జరుగుతుందో తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

ఓరుగల్లు వైద్యురాలు (వరంగల్) సమాధానం

అధ్యాపకుడు గారికి నమస్కారం. నేను చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. విమానం సంగతి విమానం తెలిసినవారు చెబుతారు; చెవి సంగతి నేను చెబుతాను.

మనిషి తన ఒంటి వాలును మూడు దారుల్లో తెలుసుకుంటాడు. ఒకటి కన్ను, రెండవది లోపలి చెవిలోని సమతుల్య అవయవం, మూడవది కండరాలు, కీళ్లు, చర్మం నుంచి మెదడుకు వెళ్లే ఒత్తిడి సమాచారం. ఈ మూడింటిలో కన్నుదే పెత్తనం. కళ్లు తిరుగుతున్నాయని వచ్చిన వ్యక్తిని మేము పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడమని, ఆ తరువాత కళ్లు మూసుకోమని అంటాము. దానిని రోంబర్గ్ పరీక్ష అంటారు. కళ్లు తెరిచి ఉన్నంతసేపు చక్కగా నిలబడినవారు కూడా కళ్లు మూయగానే ఊగిపోవడం చూస్తే, మిగిలిన రెండు దారుల్లో ఉన్న లోటును కన్ను ఎంతగా కప్పిపుచ్చుతుందో అర్థమవుతుంది.

లోపలి చెవిలో ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉండే మూడు అర్ధవృత్తాకార నాళికలు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు నాళిక గోడ తలతోపాటు కదులుతుంది, ద్రవం వెనకబడుతుంది; ఆ తేడా వల్ల నాళికలోని చిన్న పొర వంగి, అందులోని రోమకణాలు మెదడుకు "తిరుగుతున్నాం" అని కబురు పంపుతాయి. చెంబెడు నీళ్లలో నాలుగు బియ్యపు గింజలు వేసి, చెంబును గుండ్రంగా తిప్పి చూడండి: మొదట నీళ్లు కదలవు, కాసేపటికి చెంబుతో సమానంగా తిరుగుతాయి, చెంబును ఆపితే నీళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. చెవిలోనూ ఇదే వరుస. ఒకే వేగంతో తిరుగుడు సుమారు 10 నుంచి 20 సెకన్లు కొనసాగితే ద్రవం నాళికను అందుకుంటుంది, పొర తిన్నగా నిలుస్తుంది, "తిరగడం లేదు" అన్న భావన స్థిరపడుతుంది. ఆ తరువాత తిరుగుడు ఆగితే, వ్యతిరేక దిశలో తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. అంతేకాక, తిరుగుడు చాలా మెల్లగా మొదలైతే, అంటే త్వరణం సెకనుకు సెకనుకు 2 డిగ్రీలకు తక్కువగా ఉంటే, నాళికలు దానిని మొదటి నుంచే పట్టుకోలేకపోవచ్చు. విమానం రెక్క ఒక పక్కకు అంత మెల్లగా ఒరగడం అరుదేమీ కాదు.

నాళికలు కాక, గురుత్వాన్ని తెలిపే మరి రెండు చిన్న సంచులు కూడా చెవిలో ఉన్నాయి. వాటిలో జిగురు వంటి పొర మీద సన్నని సున్నపు రేణువులు ఉంటాయి. తల వంచితే అవి జరుగుతాయి. ఇబ్బంది ఏమిటంటే, తల వెనక్కు వంచినా జరుగుతాయి, కూర్చున్న వాహనం ముందుకు వేగం పుంజుకున్నా జరుగుతాయి. ఏ కారణంతో జరిగాయో చెప్పడం వాటి వల్ల కాదు. గురుత్వాన్నీ త్వరణాన్నీ వేరుచేయలేమన్న మాట మీరు తరగతిలో ఐన్‌స్టైన్ పేరు చెప్పి బోధిస్తారు. చెవి ఆ పాఠాన్ని పుట్టుకతోనే పాటిస్తోంది. కనుక చీకటిలో విమానం వేగం పెరిగితే ముక్కు పైకి లేచినట్లు పైలట్‌కు తోస్తుంది.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇది జబ్బు కాదు. చెవి ఎంత ఆరోగ్యంగా ఉంటే ఈ భ్రమ అంత బలంగా కలుగుతుంది. లోపలి చెవి పనితీరును రెండు వైపులా పూర్తిగా కోల్పోయినవారికి ప్రయాణంలో వాంతులు కూడా రావు. వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ ఈ అవయవం మీద చేసిన పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరుతో పిలిచే తిరుగుడు కుర్చీలోనే నేటికీ పైలట్లకు ఈ భ్రమను నేల మీద చూపిస్తారు. కళ్లకు గంతలు కట్టి, మెల్లగా తిప్పి, ఆపి, "ఇప్పుడు ఎటు తిరుగుతున్నారు?" అని అడిగితే ఆగి ఉన్న మనిషి తడుముకోకుండా వ్యతిరేక దిశను చూపిస్తాడు.

గోదారి గాలి (కరీంనగర్) సమాధానం

నేను చిన్న విమానాల మీద శిక్షణ ఇచ్చి విరమించుకున్న ఇన్‌స్ట్రక్టర్‌ను. డాక్టరు గారు చెవి గురించి చెప్పినదంతా విమానంలో ఎలా కనబడుతుందో చెబుతాను.

మీ విద్యార్థి అడిగిన త్వరణం ప్రశ్నకు జవాబు ముందుగా. విమానం రెక్క వంచి సరైన సమన్వయంతో తిరుగుతున్నప్పుడు, గురుత్వమూ తిరుగుడు వల్ల పుట్టే బలమూ కలిసి ఏర్పడే ఫలితబలం సీటుకు సూటిగా కిందికే ఉంటుంది. ఒరిగిన వైపుకు శరీరం జారదు, కడుపులో ఏ పక్కకూ లాగినట్లు ఉండదు. త్వరణం ఉన్నది నిజమే. కాని అది శరీరానికి పక్కకు లాగే బలంగా కాక కొద్దిపాటి అదనపు బరువుగా మాత్రమే అందుతుంది. వాలు తక్కువగా ఉన్నప్పుడు ఆ అదనపు బరువు ఎవరూ గమనించలేనంత స్వల్పం. అంటే కళ్లు మూసుకున్న మనిషికి, సమంగా ఎగురుతున్న విమానానికీ నెమ్మదిగా ఒరిగి తిరుగుతున్న విమానానికీ తేడా తెలియదు.

ఇక ప్రమాదం ఎలా పుడుతుందంటే, పైలట్ రేడియో సవరించడానికో మ్యాపు చూడటానికో తల దించుతాడు, ఆ కొద్దిసేపట్లో రెక్క మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. బయట క్షితిజరేఖ కనిపిస్తుంటే కంటి కొసతోనే సరిదిద్దుకుంటాడు, తాను సరిదిద్దిన సంగతి కూడా అతనికి గుర్తుండదు. బయట ఏమీ కనబడనప్పుడు ఆ ఒరుగుడు అలాగే ఉండిపోతుంది. రెక్క ఒరిగితే దాని ఎత్తుబలంలో నిటారు భాగం తగ్గుతుంది, ముక్కు కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది, ఎత్తు చూపే ఆల్టీమీటరు ముల్లు వెనక్కు తిరుగుతుంది. పైలట్ ఆ ముల్లును చూస్తాడు. ఒళ్లేమో రెక్కలు సమంగానే ఉన్నాయంటుంది. రెక్కలు సమంగా ఉండి ఎత్తు తగ్గుతుంటే చేయవలసిన పని యోక్‌ను, అంటే పైలట్ చేతిలోని నడుపుడు పిడిని, వెనక్కు లాగడం. లాగుతాడు. కాని రెక్క ఒరిగి ఉంది కనుక ఆ లాగుడు విమానాన్ని పైకి లేపదు, తిరుగుడును ఇంకా బిగిస్తుంది. ఎత్తు ఇంకా వేగంగా తగ్గుతుంది, అతను ఇంకా గట్టిగా లాగుతాడు. దీనినే మా వృత్తిలో గ్రేవ్‌యార్డ్ స్పైరల్ అంటారు. రెక్కలను ముందు సమం చేసి, ఆ తరువాతే ముక్కు ఎత్తాలి. వరుస తప్పితే విమానం మిగలదు.

నిమిషానికి 4,700 అడుగులంటే సెకనుకు దాదాపు 80 అడుగులు. ఆ సారటోగా చివరిసారి రాడార్‌లో కనిపించినప్పుడు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. లెక్క మీరే వేసుకోవచ్చు.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పరికరాలు చూసి ఎగరడంలో శిక్షణ లేని 20 మందిని బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానంలో కూర్చోబెట్టి, బయటి దృశ్యం కనబడకుండా చేసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. 19 మంది నేను పైన చెప్పిన స్పైరల్‌లోకే వెళ్లారు, ఒకరు ముక్కు మరీ ఎత్తి వేగం పోగొట్టుకున్నారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. అందరిలో తొందరగా తప్పినవారికి 20 సెకన్లే పట్టింది. ఆ ప్రయోగం ఉద్దేశం ఇదొక్కటే కాదు. వెనక్కు తిరిగి మబ్బులోంచి బయటపడే ఒక సులభ పద్ధతిని నేర్పితే ఫలితం ఉంటుందా అని చూడడం కూడా. నేర్పిన తరువాత వారు చాలావరకు బయటపడగలిగారు. ఈ రెండవ సగాన్ని జనం చెప్పుకోరు, భయపెట్టే అంకెను మాత్రం పట్టుకుంటారు. నేను మా విద్యార్థులకు రెండూ చెప్పేవాడిని.

శిక్షణలో మేము విద్యార్థి తలకు హుడ్ తొడిగి, పరికరాల పలక తప్ప ఏమీ కనబడకుండా చేస్తాము. కళ్లు మూసుకోమని విమానాన్ని ఏదో ఒక వింత వాలులో పెట్టి, "ఇక నీదే" అని అప్పగిస్తాము. కళ్లు తెరిచిన విద్యార్థి వేగం చూడాలి, వాలు చూడాలి, అప్పుడు చేయి కదపాలి. రెక్కలు సమం చేశాక చాలామంది తల ఒక పక్కకు వాల్చి కూర్చుంటారు. పరికరం సమమని చెబుతున్నా ఒళ్లు ఒప్పుకోక, తమకు తోచిన నిలువుకు తల సరిచూసుకుంటారు. ఆ భంగిమ చూసి మేము నవ్వుకునేవాళ్లం కాని, మేము నేర్చుకున్న రోజుల్లోనూ అలాగే కూర్చున్నాం.

కెనడీ గారి విషయానికి వస్తే, ఆయనకు మొత్తం 310 గంటల దాకా అనుభవం ఉంది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట ఏమీ కనబడకపోయినా పరికరాల సాయంతో ఎగరడానికి కావలసిన అర్హత, లేదు. ఆ శిక్షణలో సగం దాకా వచ్చారు. ఆ సాయంత్రం ఒక ఇన్‌స్ట్రక్టర్ తోడు వస్తానంటే ఒంటరిగానే నడుపుతానని ఆయన చెప్పినట్లు నివేదికలో ఉంది. చాలా దూరం తీరం వెంబడే వెళ్లారు; ఎడమ పక్కన ఊళ్ల దీపాలు ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. రోడ్ ఐలండ్ తీరంలోని పాయింట్ జూడిత్ దాటాక నేరుగా నీటి మీదికి మళ్లారు. అక్కడి నుంచి కింద నలుపు, పైన నలుపు, మధ్యలో మసక. నియమాల ప్రకారం ఆ రాత్రి దృశ్య దూరం చాలినంతే ఉంది. ఆ ప్రాంతంలో ఎగిరిన ఇతర పైలట్లు మాత్రం నీటి మీద క్షితిజరేఖ కనబడలేదని చెప్పారు. ఎంత దూరం కనబడుతోందన్నది ఒకటి, రెక్కను సరిచూసుకోవడానికి ఒక గీత ఉందా అన్నది ఇంకొకటి. నియమాలు మొదటిదాన్నే కొలుస్తాయి.

మన దేశంలో ఇలా కంటి చూపు మీద ఆధారపడి చేసే ప్రయాణాలను సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు, విమానాశ్రయ పరిసరాల్లో ప్రత్యేక అనుమతితో చేసేవి తప్ప, సాధారణంగా అనుమతించరు. ఈ నియమం చాదస్తమని కుర్రవాళ్లు విసుక్కునేవారు. నాకు అలా అనిపించదు.

బొగ్గుబాయి (గోదావరిఖని)

పెద్దలందరూ చక్కగా వివరించారు కాని నాకు ఒక అభ్యంతరం ఉంది. ప్రమాదం జరిగిన ప్రతిసారీ తిరిగి మాట్లాడలేని పైలట్ మీదికే తప్పు నెట్టడం తేలిక. యంత్రం చేసినవాడికి, నడిపించిన సంస్థకు, వాతావరణం చెప్పినవాడికి ఏ పూచీ ఉండదు. గనిలో పైకప్పు కూలినా ముందు కార్మికుడి అజాగ్రత్త అనే రాసేవారు. అందుకే ఈ మాట వినగానే నాకు అనుమానం వస్తుంది. మన దగ్గర 2002లో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు, 2009లో ముఖ్యమంత్రి రాజశేఖర్ రెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదాల్లోనే పోయారు. వాటికీ ఇదే కారణమంటారా?

గోదారి గాలి (కరీంనగర్)

మీ అనుమానం అకారణమైనది కాదు. అయితే ఆ రెండు ప్రమాదాలనూ ఈ గాటన కట్టలేము.

రాజశేఖర్ రెడ్డి గారి బెల్ 430 హెలికాప్టర్ 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు వెళ్తూ నల్లమలలోని పావురాలగుట్ట వద్ద కూలింది. ఆర్.కె. త్యాగి గారి నాయకత్వంలోని విచారణ కమిటీ, హెలికాప్టర్ తీవ్రంగా కిందికి వీచే గాలిలో చిక్కుకొని అదుపు తప్పి మహావేగంతో నేలను తాకిందని చెప్పింది. అంతకు ముందు కొన్ని నిమిషాల పాటు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు సంబంధించిన ఒక హెచ్చరిక గురించి పైలట్లు పుస్తకంలో వెతుకుతూ ఉండిపోయారని కూడా పేర్కొంది. అక్కడ ప్రధానమైనవి ఉరుముల మేఘమూ, మళ్లిన ధ్యాసే కాని దిశాభ్రమ కాదు. బాలయోగి గారి హెలికాప్టర్ 2002 మార్చి 3న కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది. చూపు ఆనని వేళ చెరువును నేలగా భావించి దింపబోయి, తిరిగి లేచే ప్రయత్నంలో కొబ్బరిచెట్టుకు తగిలిందని అప్పట్లో వివరణ వచ్చింది. అది కన్ను చేసిన పొరపాటు. కింద ఉన్నది నేలో నీరో తెలియకపోవడం ఒకటి, పైన ఏదో కింద ఏదో తెలియకపోవడం ఇంకొకటి.

దిశాభ్రమకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2020 జనవరి 26న కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్‌తో సహా తొమ్మిది మంది మరణించిన హెలికాప్టర్ ప్రమాదం చూడండి. మబ్బులోకి వెళ్లిన పైలట్, 4,000 అడుగులకు ఎక్కుతున్నానని నియంత్రణ కేంద్రానికి రేడియోలో చెబుతున్న సమయంలో హెలికాప్టర్ ఎడమకు ఒరిగి కిందికి పోతోంది. ఆయనకు పరికరాల మీద ఎగిరే అర్హత ఉంది, వేల గంటల అనుభవమూ ఉంది. అబద్ధం చెప్పలేదు, ఒంటికి అలాగే తోచింది. డాక్టరు గారు చెప్పిన రెండవ భ్రమ, వేగం పెరుగుతుంటే పైకి లేస్తున్నట్లు అనిపించడం, అక్కడ పనిచేసిందని నివేదికలో ఉంది.

ఇక పూచీ సంగతి. అంతర్జాతీయ పౌరవిమానయాన ఒప్పందం పదమూడవ అనుబంధం ప్రకారం విచారణ ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటమే తప్ప ఎవరి మీదా నింద మోపడం కాదు. మన దేశంలో ఆ పని కోసం 2012లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. దిశాభ్రమ అని రాసినంత మాత్రాన పైలట్‌ను తిట్టినట్లు కాదు. నన్నడిగితే చివరి ఒక్క నిమిషంలో పైలట్ తప్పేమీ లేదు. అప్పటికి అతని చెవి ఏ మనిషి చెవి చేసే పనినైనా చేస్తోంది. అడగవలసిన ప్రశ్న అంతకు ముందుది: ఆ అర్హతతో, ఆ వేళ, ఆ దారిలో ఎందుకు ముందుకు వెళ్లాడు? వెనక్కు తిరిగి వస్తే మాట పడాల్సి వస్తుందన్న భయం ఉందా? వెళ్లక తప్పదన్న ఒత్తిడి ఎవరిదైనా ఉందా, లేక తనకు తానే పెట్టుకున్నదా? బ్రయంట్ ప్రమాదంలో ఆ ఒత్తిడి పైలట్ తనకు తానే పెట్టుకున్నదని తేల్చారు. ఆ సంస్థ భద్రతా పర్యవేక్షణ చాలలేదని కూడా రాశారు. కనుక సంస్థల పూచీని విచారణ వదిలేస్తుందని అనుకోనక్కరలేదు.

వేయిస్తంభాలు (హన్మకొండ)

డాక్టరు గారికీ, ఇన్‌స్ట్రక్టర్ గారికీ కృతజ్ఞతలు. సమన్వయ తిరుగుడు గురించి చదవగానే మా విద్యార్థితో కలిసి నల్లబల్ల మీద లెక్క వేశాము. ఎత్తు మారకుండా తిరిగే విమానంలో మనిషికి తోచే బరువు, అసలు బరువును వాలు కోణపు కొసైన్‌తో భాగించినంత. 75 కిలోల మనిషికి 15 డిగ్రీల వాలులో 77.6 కిలోలు తోస్తుంది. అంత తేడాను కూర్చున్నవాడు గుర్తించలేడన్నది సులభంగా ఒప్పుకోవచ్చు. కాని 45 డిగ్రీలకు అదే మనిషి 106 కిలోలు, 60 డిగ్రీలకు 150 కిలోలు. స్పైరల్ బిగిసేకొద్దీ ఒళ్లు బరువెక్కడం తప్పక తెలుస్తుంది. అప్పుడైనా మేలుకోవచ్చు కదా అని వాడు అడుగుతున్నాడు. ఇంకొక సందేహం నాది: చెవిని నమ్మకుండా పరికరాన్ని నమ్మమంటున్నారు, పరికరమే చెడిపోతే?

గోదారి గాలి (కరీంనగర్)

మొదటి ప్రశ్నకు జవాబు నాది. బరువు తెలుస్తుంది, కాని దాని అర్థం తప్పుగా తెలుస్తుంది. యోక్ లాగినప్పుడు సీటులోకి ఒత్తుకుపోవడం పైలట్‌కు రోజూ అలవాటైన అనుభవం. ముక్కు ఎత్తి పైకి లేచేటప్పుడు అలాగే ఉంటుంది. కనుక ఒళ్లు బరువెక్కగానే "లేస్తున్నాను, సరిపోతోంది" అని తోస్తుంది. మీ కుర్రవాడు 60 డిగ్రీల దగ్గర మేలుకోవచ్చంటున్నాడు. ఆ బరువే అతడిని మరింత నిద్రపుచ్చుతుంది.

మొగిలయ్య గడియారం (కాజీపేట) సమాధానం

పరికరాల ప్రశ్నకు ఇంజనీరుగా నేను జవాబు చెబుతాను.

మబ్బులో క్షితిజరేఖకు బదులుగా చూసేది యాటిట్యూడ్ ఇండికేటర్. వేగంగా తిరిగే గైరోస్కోపు తన అక్షాన్ని మార్చుకోదన్న సూత్రం మీద అది పనిచేస్తుంది. ఆల్టీమీటరుతో పాటు ఈ పరికరాన్నీ వాడి, 1929 సెప్టెంబర్ 24న జిమ్మీ డూలిటిల్ అనే పైలట్ కప్పిన కాక్‌పిట్‌లో కూర్చొని, బయటికి ఒక్కసారి కూడా చూడకుండా లేచి, తిరిగి, దిగి చూపించారు. అంతకు ముందు మబ్బులో ఎగరడం వ్యక్తిగత నైపుణ్యమని చాలామంది పైలట్లు అనుకునేవారు.

పాత తరహా చిన్న విమానాల్లో ఈ గైరోను వ్యాక్యూమ్ పంపు లాగే గాలి తిప్పుతుంది. పంపు ఆగితే గైరో వెంటనే పడిపోదు. మెల్లగా వేగం తగ్గి, మెల్లగా ఒరుగుతుంది. అదే అపాయం. ముల్లు సున్నాకు పడితే ఎవరికైనా తెలుస్తుంది, నెమ్మదిగా అబద్ధం చెప్పే పరికరాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే తిరుగుడు చూపే టర్న్ కోఆర్డినేటర్‌కు విడిగా విద్యుత్తు ఇస్తారు; ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. ఆల్టీమీటరు, వేగం చూపే మీటరు, ఎక్కుడు దిగుడు చూపే మీటరు బయటి గాలి పీడనంతో పనిచేస్తాయి కనుక అవి మూడవ సాక్షులు. ఏ ఒక్కదాన్నీ నమ్మవద్దు, అన్నింటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. 2000 అక్టోబర్ 16న అమెరికాలోని మిస్సోరి గవర్నర్ మెల్ కార్నహాన్ మరణించిన సెస్నా 335 ప్రమాదంలో, నడుపుతున్న ఆయన కుమారుడి ముందున్న ప్రధాన యాటిట్యూడ్ ఇండికేటర్ చెడిపోవడం, గాలి కుదుపులతో కూడిన వాతావరణం కలిసి దిశాభ్రమకు దారితీశాయి.

పెద్ద విమానాలకూ మినహాయింపు లేదు. 1978 జనవరి 1న ముంబయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 "ఎంపరర్ అశోక" లేచిన కొద్ది నిమిషాల్లోనే బాంద్రా తీరానికి ఆవల అరేబియా సముద్రంలో పడి 213 మంది మరణించారు. రాత్రి, కింద నీరు, బయట క్షితిజం లేదు. కెప్టెన్ ముందున్న పరికరం కుడి వాలులో ఉండిపోయింది. విమానం నిజానికి సమంగా ఉండగా ఆయన దానిని ఎడమకు తిప్పుతూ పోయారు. సరిపోల్చుకోవడానికి కో-పైలట్ ముందు ఒక పరికరం, మధ్యలో అదనంగా ఇంకొకటి ఉన్నాయి. వాటి సాయంతో తేరుకునే వ్యవధి చిక్కలేదు.

పరికరం చెడిపోకపోయినా పొరపాటు పడవచ్చు. 1959 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఐయోవాలో గాయకుడు బడ్డీ హాలీ మరణించిన బొనాంజా విమానంలో ఉన్న గైరో పరికరం, ఆ పైలట్ నేర్చుకున్న రకానికి భిన్నంగా, ముక్కు లేచిందా దిగిందా అన్నది తలకిందుల పద్ధతిలో చూపేది. మంచు కురుస్తున్న రాత్రి, పరికరాల మీద ఎగిరే అర్హత లేని యువ పైలట్. లేచిన కొద్దిసేపటికే నేలను తాకింది. ఇప్పటి గాజు తెరల కాక్‌పిట్లలో నేల నీలం కాదు, ఆకాశం గోధుమ రంగు కాదు. పైది నీలం, కిందిది గోధుమ అని అన్ని కంపెనీలూ ఒకే రీతికి వచ్చాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది కాని చాలా ప్రాణాలు కాపాడి ఉంటుంది.

పాకాల తూము (నర్సంపేట)

ఇంత చదివాక మా ఊరివాడిగా ఒక ప్రశ్న. నిజాం కాలంలో 1930లో కట్టి, 1981లో మూతపడిన వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మా వైపు పొలాల మీద పొగమంచు కళ్లు కనబడనంతగా ఉంటుంది. అప్పుడు అక్కడ దిగే విమానాలకు ఈ బెడద ఉంటుందా?

గోదారి గాలి (కరీంనగర్)

ప్రయాణికుల విమానాలు పగలూ రాత్రీ పరికరాల నియమాల కిందే ఎగురుతాయి. ఇద్దరు పైలట్లు, ఆటోపైలట్, వేర్వేరు విద్యుత్తు మీద నడిచే పరికరాలు ఉంటాయి. పొగమంచు ఉంటే నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే దీపాలు కనబడాలి, కనబడకపోతే తిరిగి లేచి హైదరాబాద్‌కు వెళ్లిపోతారు. ప్రయాణికులకు ఆలస్యమూ విసుగూ తప్పవు. ఈ చర్చలోని బెడద ప్రధానంగా ఒంటరిగా, కంటి చూపు మీద ఎగిరే చిన్న విమానాలకూ హెలికాప్టర్లకూ.

అధ్యాపకుడు గారు, మీ విద్యార్థికి నా తరఫున ఒక మాట చెప్పండి. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం ఆట ఆడే కుర్రవాళ్లు పరికరాలు చదవడం త్వరగా నేర్చుకుంటారు, దాన్ని నేను మెచ్చుకుంటాను. కాని ఆ కుర్చీ కదలదు కనుక అక్కడ చెవి అడ్డు చెప్పదు. హుడ్ కింద మొదటిసారి తల తిరిగి, సమంగా ఉన్న రెక్కను వంకరగా ఉందని గట్టిగా వాదించాలనిపించినప్పుడు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగానే ఆ అనుభవాన్ని వీలైనన్ని సార్లు అడిగి చేయించుకోమనండి. లైసెన్సుకు కావలసిన గంటలు ఎలాగూ పూర్తవుతాయి. వాటిలో నిజమైన మబ్బు అంచున, నిజమైన చీకటిలో గడిపినవి ఎన్ని అన్నది శిక్షణ సంస్థలో చేరే ముందే అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న.

వేయిస్తంభాలు (హన్మకొండ)

చెప్పాను. ఆ ప్రశ్నను వాడు తన నోట్‌బుక్‌లో ఫీజు వివరాల కంటే పైన రాసుకున్నాడు. బరానీ కుర్చీ నేల మీద చూపించవచ్చని డాక్టరు గారు రాశారు కనుక, మా ప్రయోగశాలలోని తిరుగుడు స్టూలు మీద, పక్కన ఇద్దరు పట్టుకొని ఉండగా, చేయించవచ్చా అని కూడా అడుగుతున్నాడు.

ఓరుగల్లు వైద్యురాలు (వరంగల్)

చేయించవచ్చు, నెమ్మదిగా తిప్పండి. మెడనొప్పి, మూర్ఛ, తలతిరుగుడు ఉన్న పిల్లలను కూర్చోబెట్టవద్దు. భోజనం చేసిన వెంటనే వద్దు. ఆపిన తరువాత కనీసం ఒక నిమిషం దాకా లేవనివ్వకండి. తిరుగుతున్నప్పుడు తల ముందుకు వంచమని మాత్రం అడగకండి. అప్పుడు వేర్వేరు నాళికలు ఒకేసారి కలత చెంది, స్టూలు మీది నుంచి పడిపోయేంత భ్రమ కలుగుతుంది.